రెండో బల్ల

శ్రావణం 3

సరిచూత: రేవు మెట్లు పద్నాలుగు. నీళ్ళ ట్యాంకు ఒకటి. ఎదురింటి తలుపు పచ్చ. మెట్ల పక్కన వేపచెట్టు ఉంది. ఆఫీసులో మనుషులు ముగ్గురు: నేను, రెండో బల్ల, ఉయ్యాల మనిషి. నిన్నటి పేజీతో సరిపోయింది.

ముప్ఫై ఎనిమిదేళ్ళుగా పొద్దున్నే ఇదే రాస్తున్నాను. వానాకాలంలో మెట్లు లెక్కపెట్టడం ఎంత చిరాకో పెద్దలంకలో కూర్చుని నియమాలు రాసేవాళ్ళకేం తెలుసు. సగం మెట్లు నీళ్ళ కిందే ఉంటాయి. కాలితో తడుముకుంటూ లెక్కపెట్టాలి. ఇవాళ ఒక చెప్పు కొట్టుకుపోయింది.

మొదటి ఉత్తరం నలభై ఒకటో నంబరుది. అరవై నిండినవాళ్ళకి ఆ ఏడాదిలోపు ఒక్క ఉత్తరం వేసుకునే హక్కుంది, వయసులో ఉన్నప్పటి తమకి. కత్తిరించేటప్పుడు ఎవరు రాశారో నాకు తెలియకూడదు. రెండో బల్ల ఉత్తరం తీసుకుని, నంబరు వేసి, నా వైపు తోస్తుంది. నేను కత్తిరిస్తాను. పేర్లుండకూడదు, ఊళ్ళుండకూడదు, తేదీలుండకూడదు. ఈయన ఏం రాశాడంటే, 'వైశాఖం పదిన సూరమ్మ వాళ్ళింటికి పెళ్ళిచూపులకి వెళ్ళకు, కాలు బెణికిందని చెప్పు.' అంతా కొట్టేసి 'తొందరపడకు' అని ఉంచాను. నలభై రెండోది పళ్ళ గురించి. సగంమంది పళ్ళ గురించే రాస్తారు. ఎడమవైపు పన్ను, రేవు వీధి డాక్టరు, అన్నీ కొట్టేస్తే 'పళ్ళు జాగ్రత్త' అని మిగిలింది.

పాపం అనిపించదా అని అడుగుతుంటారు. అనిపించదు. నాకు ముందు ఈ బల్ల మీద పనిచేసినాయన ఓసారి 'ఎర్ర పడవ' అన్న మాట కొట్టేయడం మరిచిపోయాడు. మర్నాడు చూస్తే రేవుకి అవతల చేపల సందు లేదు. అక్కడ నీళ్ళున్నాయి. సందు ఉండేదని ఒక్కరికీ గుర్తు లేదు, ఆయనక్కూడా లేదు. లోకం పక్కకి జరిగినప్పుడు మన జ్ఞాపకాలు కూడా దాంతోపాటే జరిగిపోతాయి. సీసం పెట్టెలో పెట్టిన ఈ పుస్తకం ఒక్కటే జరగదు. అందులో సందు పేరుంది కాబట్టి తెలిసింది.

మధ్యాహ్నం నలభై ఒకటో నంబరు పెద్దాయన ఉయ్యాల బల్ల మీద కూర్చుని, మిగిలిన ఆ ఒక్క మాటా మూడుసార్లు చెప్పాడు. ఉయ్యాల మనిషి మెల్లగా ఊపాడు. కిటికీలోంచి నీళ్ళ మీది వెలుగు పైకప్పు మీద పడి ఊగుతూ ఉంది. ఎప్పటిదో ఒక మధ్యాహ్నం, ఎక్కడో కునుకు తీస్తున్న పాతికేళ్ళ కుర్రాడికి ముసలి గొంతుతో తన మాటే వినిపించి ఉంటుంది. లేచి, మొహం కడుక్కుని, మంచినీళ్ళు తాగి మరిచిపోయి ఉంటాడు. చాలామంది మరిచిపోతారు. అందుకే మెట్లు ఇంకా పద్నాలుగే ఉన్నాయి.

రెండో బల్ల కొరమీను పులుసు తెచ్చింది. తలకాయ నాకే వేసింది. ఉద్యోగం మానేసి వాళ్ళ గవ్వలదిబ్బకి వెళ్ళి మడ మొక్కలు పెంచాలని ఉందట. ఈ వయసులో ఏం మొక్కలు అన్నాను. పులుసులో కాస్త ఉప్పు ఎక్కువైంది.

శ్రావణం 7

సరిచూత: అన్నీ సరిపోయాయి.

మనుషులు ముగ్గురు. నలభై నాలుగో నంబరు ఉత్తరం ఒకే ఒక్క వాక్యం. 'నీ పేరు పెట్టి పిలవని చోట ఉండకు.' ఊరు లేదు, తేదీ లేదు, మనిషి గుర్తు లేదు. కత్తిరించడానికి ఏమీ లేక ముద్ర వేసి పంపించేశాను. అందరూ ఇలా రాస్తే నేను ఇంటికెళ్ళి పడుకోవచ్చు.

మధ్యాహ్నం రెండో బల్ల "ఓ గంట పనుందప్పా, ఎల్లొస్తాను" అంది. సరే అన్నాను. వెళ్ళకుండా తలుపు దగ్గరే నిలబడింది. "ఏంటి, ఇదిగో, ఇంకేమైనా కావాలా?" అని అడిగాను. "ఏటీ లేదప్పా" అని ఉయ్యాల గది వైపు వెళ్ళింది.

శ్రావణం 8

సరిచూత: మెట్లు పద్నాలుగు. ట్యాంకు ఒకటి. తలుపు పచ్చ. వేపచెట్టు ఉంది. మనుషులు ఇద్దరు: నేను, ఉయ్యాల మనిషి.

నిన్నటి పేజీలో ముగ్గురని ఉంది.

నా చేతిరాతే. మొన్నా ముగ్గురే, అటు మొన్నా ముగ్గురే. రెండో బల్ల ఎవరో నాకు తెలియదు. ఈ ఆఫీసులో ఉత్తరాలు తీసుకోవడం, నంబరు వేయడం, కత్తిరించడం మొదట్నుంచీ నేనొక్కదాన్నే చేస్తున్నాను. అలాగే గుర్తుంది. పుస్తకం ప్రకారం రెండో బల్ల ఉండాల్సిన చోట కూజా ఉంది.

ఉయ్యాల మనిషిని అడిగాను. "మనకి రెండో బల్ల ఎప్పుడుందండీ? అది కూజా పెట్టుకునే చోటేగా" అన్నాడు. అతని మొహంలో అబద్ధం లేదు. రిజిస్టరు తీసి చూశాను. నలభై మూడు తర్వాత నలభై ఐదు ఉంది.

మనిషి లెక్కలో తేడా వస్తే పెద్దలంకకి వైర్‌లెస్‌లో చెప్పాలి. చెప్పాను. అక్కడి గుమస్తా "పేరు?" అన్నాడు. పుస్తకంలో వెతికాను. వెతుకుతుంటే అతను రెండుసార్లు దగ్గాడు. "పేరు లేదండీ, రెండో బల్ల అని ఉంది" అన్నాను. పేరు లేని మనిషిని వెతకడం కుదరదమ్మా అని పెట్టేశాడు. చాలా కోపం వచ్చింది. అతని మీద కాదని కాసేపటికి తెలిసింది.

శ్రావణం 11

సరిచూత: రాశాను. నిజానికి ఇవాళ మెట్లు లెక్కపెట్టలేదు.

సీసం పెట్టెలోంచి పాత పుస్తకాలన్నీ తీశాను. మూడు రోజులుగా వాటిలోనే ఉన్నాను. ఒకావిడ ముప్ఫై ఏడేళ్ళు నా పక్కన కూర్చుంది. మొదటి పుస్తకంలో 'కొత్తమ్మాయి' అని ఉంది. తర్వాత 'ఇదిగో'. ఆ తర్వాత అంతటా 'రెండో బల్ల'. ఒక్కచోట, ఒక్కచోటంటే ఒక్కచోట, ఆవిడ పేరు రాసి ఉండకపోతానా అని పేజీలు తిప్పాను. వేపచెట్టు కొమ్మ విరిగిన రోజు, ఏ కొమ్మ విరిగిందో కూడా రాశాను. ఈవిడ పేరు మాత్రం రాయలేదు.

ఏమేం రాశానంటే: 'రెండో బల్ల గొడుగు ఇచ్చి తను తడిసి వెళ్ళింది.' 'రెండో బల్లకి జ్వరం, పని అంతా నామీద పడింది.' 'అమ్మ పోయింది. రెండో బల్ల వచ్చి పదకొండు రోజులు వంట చేసింది.' 'కామెర్లు. ఇరవై రోజులు ఇంట్లోనే. రెండో బల్ల రోజూ బార్లీ నీళ్ళు కాచి తెచ్చింది, చప్పగా ఉన్నాయి.'

నాకు కామెర్లొచ్చిన సంగతి గుర్తుంది. పెద్దలంక ఆసుపత్రిలో మూలమంచం. పక్క మంచం మీదావిడ కొడుకు తెచ్చిన కమలాపండులో ఒక తొన ఇచ్చింది. ఇంకెవరూ రాలేదు. అమ్మ పోయిన రోజులూ గుర్తున్నాయి. పొయ్యి వెలిగించబుద్ధి కాక అటుకులు నానబెట్టుకుని తిన్నాను. నా జ్ఞాపకాల్లో నేను ఎప్పుడూ ఒక్కదాన్నే. పుస్తకంలో నా పక్కన ఒక మనిషి ఉంది, ఆ మనిషిని నేను విసుక్కుంటూ ఉన్నాను.

గుర్తులేని మనిషి కోసం ఏడవడం వింతగా ఉంది. ఏడ్చాను. ఉయ్యాల మనిషి చూసి, కూజాలోంచి నీళ్ళు వంచి ఇచ్చాడు. ఇతని పేరు ఏసురత్నం. ఇరవై ఏళ్ళుగా ఇక్కడే పనిచేస్తున్నాడు. ఇవాళ్టి నుంచి అలాగే రాస్తాను.

శ్రావణం 12

సరిచూత: మెట్లు పద్నాలుగు. మనుషులు ఇద్దరు, మాణిక్యం, ఏసురత్నం.

'నేను' అని కాకుండా నా పేరూ రాశాను. పొద్దున ఏడో తారీఖు పేజీ మళ్ళీ చదివాను. నలభై నాలుగో నంబరు ఉత్తరం, ఓ గంట సెలవు, ఉయ్యాల గది వైపు వెళ్ళడం, అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. నాలుగు రోజులు ఆ పేజీ నా ముందే ఉన్నా నా బుర్రకి ఎక్కలేదు. అది ఆవిడ ఉత్తరమే. 'నీ పేరు పెట్టి పిలవని చోట ఉండకు' అని వయసులో ఉన్నప్పటి తనకే చెప్పుకుంది. ఆ చోటు నా పక్క బల్ల. దానికి ముద్ర వేసింది నేనే, అందరూ ఇలా రాస్తే బాగుండునని మురిసిపోయింది కూడా నేనే.

ఆ అమ్మాయి ఆ మాట విన్నది. మరిచిపోలేదు. అలా అనుకోగానే నాకొక సంగతి జ్ఞాపకం వచ్చింది. నేను చేరిన మరుసటి ఏడు ఒకమ్మాయి వచ్చింది. బక్కపల్చటి పిల్ల, జడకి సముద్రపు గవ్వ కట్టుకునేది. తొమ్మిదో రోజున "ఇదిగో, ఆ కత్తెర ఇలా ఇవ్వు" అన్నాను. కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టి, "నాకు పేరున్నాదండి" అని, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. నేను నవ్వాను. ఎంత పొగరు అని చాలామందికి చెప్పి నవ్వించాను కూడా.

మధ్యాహ్నం ఏసురత్నం అటక ఎక్కి ఆ ఏటి హాజరు పట్టీ దించాడు. తొమ్మిది సంతకాలు. పైడమ్మ, గవ్వలదిబ్బ.

శ్రావణం 15

సరిచూత: అన్నీ సరిపోయాయి.

నా హక్కు ఇంకా వాడుకోలేదు. ముప్ఫయ్యో తారీఖు మధ్యాహ్నం రెండింటితో గడువు అయిపోతుంది. ఇన్నాళ్ళూ ఏం చెప్పుకోవాలో తెలియక వాయిదా వేశాను. వేలమంది సలహాలు కత్తిరించినదాన్ని, నాకు నేను ఇచ్చుకోవడానికి ఒక్కటీ తోచలేదు. ఇవాళ ఒక్క నిమిషంలో రాశాను. 'పక్కన కూర్చున్న మనిషిని పేరు పెట్టి పిలువు.'

నియమాల ప్రకారం చూశాను. కొట్టేయాల్సిన మాట ఒక్కటీ లేదు.

ఏసురత్నం చదివి, "బావుందండి. రేపే వేసేద్దామా?" అన్నాడు. ఆ ఇరవై మూడేళ్ళ మాణిక్యం గనక ఈ మాట వింటే, తొమ్మిదో రోజున పైడమ్మా అని పిలుస్తుంది. ఆ అమ్మాయి వెళ్ళిపోదు. నాకు ముప్ఫై ఏడేళ్ళు తిరిగొస్తాయి. కామెర్లప్పుడు బార్లీ నీళ్ళు తెచ్చే మనిషి ఉంటుంది. నాకు ఆ మనిషి కావాలి. దాచుకోవడం ఎందుకు, చాలా కావాలి.

రేపు వద్దులే అన్నాను. ఎక్కణ్ణుంచి లాక్కొస్తున్నానో ఆ చోటు ఒకసారి చూసి వస్తానన్నాను.

శ్రావణం 19

సరిచూత: ఏసురత్నం చేశాడు. నేను ఊళ్ళో లేను.

పొద్దున ఏడు గంటల లాంచీలో వెళ్ళాను. మూడు గంటల ప్రయాణం. మునిగిపోయిన ఊళ్ళ మీదుగా వెళ్ళాం. నీళ్ళు తేటగా ఉన్నచోట కిందికి చూస్తే బస్టాండు కప్పు కనిపించింది, దాని మీద చేపలు తిరుగుతున్నాయి. లాంచీలో సగంమంది కునుకుతున్నారు. వీళ్ళలో ఎవరి చెవిలో ఎవరి గొంతు పడుతోందో అనుకుంటూ నేనూ కాసేపు కళ్ళు మూసుకున్నాను. నాకెవరూ ఏమీ చెప్పలేదు.

గవ్వలదిబ్బ రేవులో దిగగానే వినిపించిన మొదటి మాట, "పైడమ్మకి ఈ మూట ఇచ్చీయండి." నేనింకా ఎవర్నీ ఏమీ అడగలేదు. పది అడుగులు వేస్తే ఒక ముసలాయన "పైడమ్మ వొచ్చిందేటి?" అని ఇంకొకరిని అడుగుతున్నాడు. పిల్లలు "పైడమ్మమ్మా" అని అరుచుకుంటూ బురదలో పరిగెడుతున్నారు. ఆ పేరు పట్టుకుని వెళ్ళిపోతే దారి అడగాల్సిన పని లేకపోయింది.

దిబ్బకి తూర్పున మడ చెట్లు ఎంత దూరం ఉన్నాయో కంటికి ఆనలేదు. కొంగలు, పీతలు, చెట్ల వేళ్ళ మధ్య పచ్చటి నీడ. అక్కడ మోకాలి లోతు బురదలో నిలబడి ఒకావిడ మొక్కలు నాటుతోంది. బక్కపల్చటి మనిషి, జుట్టంతా తెల్లగా ఉంది. పుస్తకాల్లో ముప్ఫై ఏడేళ్ళపాటు నా పక్కనున్న మనిషిని అప్పుడు చూశాను. గుర్తుపట్టలేదు.

"ఎవులు కావాలమ్మా?" అంది.

"మీరేనా..." అని ఆగిపోయాను. పేరు నోటిదాకా వచ్చి పలకలేదు. సిగ్గేసింది. "ఉత్తరాల ఆఫీసు నుంచి వచ్చాను. మాణిక్యం అంటారు."

చాలాసేపు చూసింది. "కత్తిరి మాణిక్యమా" అని నవ్వింది. "తొమ్మిది రోజులు సేసినాను నీ కాడ. నిన్ను మర్సిపోతానేటి? గట్టు మీద కూకో, కాళ్ళు కడుక్కునొస్తాను."

కొబ్బరినీళ్ళు ఇచ్చింది. ఎందుకు వచ్చానో చెప్పలేక, అప్పుడు ఎందుకు వెళ్ళిపోయావని అడిగాను.

"మీ ఊరు రాకముందు ఓ పగలు తొంగున్నాను. కలొచ్చింది. కలంటే బొమ్మేటీ లేదు, గొంతొక్కటే. నా గొంతే, కానీ ముసిలిది. నీ పేరు పెట్టి పిలవని చోట ఉండకు అన్నాది. దానికేటి తెలుసులే అనుకుని వొచ్చేసినాను. తొమ్మిదో రోజున నువ్వు కత్తిరడిగినావు. ఆ గొంతు మళ్ళీ యినిపించినట్టయింది." కొబ్బరిబొండం పక్కన పెట్టింది. "ఇక్కడికొచ్చి మొక్కలెట్టుకున్నాను. కానైతే అప్పుడప్పుడు అనుకుంటాను, ఆ ముసిల్దానికి ఏటి కట్టమొచ్చిందో, అంతలాగ సెప్పింది, అని."

నేను చెప్పాను. పుస్తకం సంగతి, కొరమీను పులుసు సంగతి, కామెర్లు, అమ్మ, గొడుగు, అన్నీ చెప్పాను. ముప్ఫై ఏడేళ్ళు ఆవిడ పేరు ఒక్కసారి కూడా రాయలేదని చెప్పాను. తల ఎత్తి చెప్పలేకపోయాను.

లాంచీ హారన్ కొట్టేదాకా ఇద్దరం నీళ్ళు చూస్తూ కూర్చున్నాం. లేచేటప్పుడు పైడమ్మ "ఆ పుస్తకాలు తెస్తావేటి, ఇంటాను" అంది.

శ్రావణం 23

సరిచూత: అన్నీ సరిపోయాయి. ఏసురత్నం మెట్లన్నీ లెక్కపెట్టానని ఒట్టేసి చెప్పాడు.

పుస్తకాలు సీసం పెట్టెతో సహా తీసుకెళ్ళాల్సి వచ్చింది. నలుగురు పట్టి లాంచీలోకి ఎక్కించారు. అందరూ నన్ను తిట్టుకున్నారు.

చూసి వచ్చాక మనసు మార్చుకుంటానని అనుకున్నాను. మారలేదు. చూశాక ఇంకా ఎక్కువ కావాలనిపిస్తోంది. ఆవిడ నవ్వు విన్నాను కదా, ఆ నవ్వు ముప్ఫై ఏడేళ్ళు నా పక్కనే ఉండేదని తెలిసింది కదా.

మడ చెట్ల కింద చాప వేసుకుని చదివాను. ఆవిడ మొక్కల సంచుల్లో మట్టి నింపుతూ విన్నది. గొడుగు దగ్గర నవ్వింది. జ్వరం దగ్గర "ఓలమ్మ, నాకు జొరమొస్తే నీ పనే ఏడిసినావా" అంది. బార్లీ నీళ్ళు చప్పగా ఉన్నాయన్న చోట మాత్రం చేతిలో సంచి కింద పెట్టింది.

"ఇరవై రోజులు తెచ్చినానా?"

"ఇరవై రోజులూ తెచ్చావు."

"అలాగైతే నువ్వంటే నాకు ఇష్టమే అయ్యుంటాది" అంది. వేరే ఎవరి గురించో మాట్లాడుతున్నట్టు నెమ్మదిగా అంది.

అప్పుడు నా ఉత్తరం తీసి చూపించాను. దాచడం నా వల్ల కాలేదు. "ఇది వేస్తే నువ్వు వెళ్ళిపోవు. నేను పేరు పెట్టి పిలుస్తాను. మన ఇద్దరికీ ఆ ముప్ఫై ఏడేళ్ళు వస్తాయి" అన్నాను.

"ఈ సెట్లు?"

"ఉండవు."

"నాకు గేపకం ఉంటాదా, ఇలాగున్నానని?"

"ఉండదు. నాకూ ఉండదు. ఈ పుస్తకంలో ఉంటుంది."

మట్టి చేతులు ఒకదాంతో ఒకటి రుద్దుకుంది. దూరంగా ఎవరో "పైడమ్మా, పడవ కదిలిపోతన్నాది" అని పిలిచారు. పలకలేదు.

"నానొద్దంటే మానేస్తావా?"

మానేస్తానని నిజాయితీగా చెప్పగలనో లేదో చూసుకున్నాను. "మానేస్తాను" అన్నాను.

వద్దనలేదు. వెయ్యమనలేదు. మొక్కకి నీళ్ళు పోసింది. లాంచీలో తిరిగి వస్తుంటే, నేనేం చేస్తానో చూద్దామనే ఊరుకుందని అర్థమైంది.

శ్రావణం 27

సరిచూత: మెట్లు పదిహేను.

మళ్ళీ లెక్కపెట్టాను, పద్నాలుగే. తడుముకోవడంలో ఒకే మెట్టుని రెండుసార్లు తొక్కినట్టున్నాను. లోకం జరిగి ఆవిడ లేకుండా పోయిందేమోనని ఆ ఒక్క నిమిషంలో అనుకున్నాను. ముప్ఫై ఏడేళ్ళు తిరిగొచ్చాయేమో అన్న ఆశ కాదు అది, ఉన్న ఒక్కటీ పోయిందేమోనని భయం. ఆ భయం నన్ను రోజంతా వదల్లేదు.

ఒక పెద్దావిడ ఉత్తరం వచ్చింది. 'కోపం తగ్గించుకో' అని రాసి, దాని కింద ఎవరి మీదో, ఎందుకో, నాలుగు పేజీలు రాసింది. నాలుగు పేజీలూ చదివాకే కొట్టేశాను. ఇంతకుముందు ఎప్పుడూ పూర్తిగా చదవలేదు.

శ్రావణం 30

సరిచూత: పొద్దున ఆరింటికి చేశాను. మెట్లు పద్నాలుగు. ట్యాంకు ఒకటి. తలుపు పచ్చ. వేపచెట్టు ఉంది. మనుషులు ఇద్దరు, మాణిక్యం, ఏసురత్నం.

ఏసురత్నం ఉయ్యాల గొలుసులకి నూనె రాసి పెట్టాడు. కొత్త చాప కూడా వేశాడు. "రెండింటికి సిద్ధంగా ఉంటాను మాణిక్యమ్మ గారూ" అన్నాడు. నేను సంచి భుజాన వేసుకున్నాను. "ఎక్కడికండీ? ఇవాళ మీ గడువు" అన్నాడు. తెలుసన్నాను. ఇంకేం చెప్పాలో తెలియక, "ఏసురత్నం, నువ్వు మధ్యాహ్నం ఇంటికెళ్ళి భోంచెయ్యి" అన్నాను. ఏడు గంటల లాంచీ ఎక్కాను.

పైడమ్మ గట్టు మీదే కూర్చుని ఉంది. పొద్దుట్నుంచీ పనికి దిగలేదట. నన్ను చూసి పక్కకి జరిగి చోటిచ్చింది. ఇద్దరం కూర్చున్నాం. పోటు వస్తోంది. నీళ్ళు మెల్లగా మొక్కల మొదళ్ళ దాకా, తర్వాత ఆకుల దాకా వచ్చాయి. ఆవిడ ఇంట్లోంచి అన్నం, చింతచిగురు రొయ్యలు తెచ్చింది. తిన్నాం.

రేవు గడియారం ఒకటిన్నర కొట్టాక నేనే అన్నాను. "నాకు ఆ ముప్ఫై ఏడేళ్ళు కావాలి. ఇప్పటికీ కావాలి. కానీ నిన్నడగకుండా ఒకసారి నీ బతుకు తీసేసుకున్నాను, పుస్తకంలో. మళ్ళీ చెయ్యలేను. క్షమించు అందామంటే అది జరిగిన సంగతే నీకు గుర్తు లేదు. ఎవరికి చెప్పుకోను?"

"నాకే సెప్పు. ఇన్నాను కదా అంతా."

"క్షమించు."

"సర్లే" అంది. నేనే మళ్ళీ, "నీకూ అరవై నిండాయి కదా, నీ ఉత్తరం నువ్వు వేసుకోవా?" అని అడిగాను.

"ఓపాలి ఏసీసినాను కదా, నువ్వే ముద్రేసినావంట. పని సేసింది. ఇంకేటి సెప్పుకుంటాను." నా సంచిలోంచి ఆ కాగితం తనే తీసి, చదవడం వచ్చినంతలో మెల్లగా కూడబలుక్కుని చదివింది. "పక్కన కూర్చున్న మనిషిని పేరు పెట్టి పిలువు." నా వైపు తిరిగింది. "మరి ముప్పయ్యేడేళ్ళు ఎనక్కెల్లి ఆ పిల్లకి సెప్పడమెందుకప్పా? ఇక్కడే ఉన్నాను. నువ్వూ ఉన్నావు. పదకొండు రోజులైపోనాది నువ్వొచ్చి, ఒక్కసారైనా పిలిసినావేటి?"

నిజమే. పద్దెనిమిది రోజులుగా ఈ పుస్తకంలో వందసార్లు రాశాను. నోటితో ఒక్కసారీ అనలేదు. నన్ను అక్కా అన్నట్టు అప్పా అంటోందని కూడా అప్పుడే గమనించాను. ఏడో తారీఖు పేజీలో రెండో బల్ల నన్ను పిలిచిన పిలుపది, దాన్ని చదివి వినిపించిన గుర్తు లేదు నాకు.

ఇంత పెద్దదాన్ని, ఒక చిన్న మాట దగ్గర చెమట పట్టింది. రేవులో రెండు కొట్టింది.

"పైడమ్మా" అన్నాను.

"ఏటప్పా" అంది.

ఊరికే పిలిచానన్నాను.